తొలి కాన్పు అని చెప్పిన పిల్ల

2023 ఆగస్టు నెల. పిల్లల ఎదుగుదలను పరీక్షించే సర్కారు కేంద్రంలో, నరసరావుపేటలో, నేను క్లినికల్ సైకాలజిస్టుగా చేరి అప్పటికి పదేళ్ళు దాటింది. ఈపూరు నుంచి, వినుకొండ నుంచి, అటు మాచర్ల, గురజాల నుంచి తల్లులు తెల్లవారుజామున బస్సెక్కి పిల్లల్ని తీసుకొస్తారు. అందరూ నన్ను డాక్టరమ్మ అనే పిలుస్తారు. నేను మందులిచ్చే డాక్టర్ని కాదని మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. "మరైతే మీరేం చేస్తారమ్మా?" అని ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు. దానికి ఒక్క ముక్కలో జవాబు దొరక్క, చివరికి డాక్టరమ్మ అనిపించుకోవడానికే సిద్ధపడ్డాను.

నిజానికి నా పని చెప్పడం అంత కష్టమేమీ కాదు. ఒక పిల్లకు బుద్ధిమాంద్యం ఉందా లేదా, ఉంటే ఎంత అని తేల్చడం. ఇప్పుడు దాన్ని ఇంటలెక్చువల్ డిజెబిలిటీ అంటున్నాం. లెక్కలు రాని పిల్లలందరికీ అది ఉన్నట్టు కాదు. మూడు సంగతులు కలవాలి. ఒకటి ఐక్యూ, అంటే ఆలోచించి పరిష్కరించే శక్తి, తోటి పిల్లల కంటే బాగా తక్కువగా ఉండాలి. రెండోది అడాప్టివ్ బిహేవియర్, అంటే రోజువారీ బతుకులో నెగ్గుకొచ్చే తీరు. అన్నం తినడం, స్నానం, బొత్తాలు పెట్టుకోవడం, కొట్టుకెళ్ళి చెప్పింది తేవడం, ప్రమాదం చూసి ఆగడం. అదీ తక్కువగానే ఉండాలి. మూడోది, ఇదంతా పెరిగే వయసులోనే మొదలై ఉండాలి. ముప్పై ఏళ్ళప్పుడు లారీ గుద్ది తలకు దెబ్బ తగిలి మతి తప్పినవాడికి ఈ పేరు పెట్టకూడదు. ఈ మూడింటినీ కొలిచేది వయసుతో. నాలుగేళ్ళ పిల్ల చెప్పుల జత తిరగేసి తొడుక్కుంటే ముద్దుగా ఉంటుంది. తొమ్మిదేళ్ళ పిల్ల రోజూ అదే పని చేస్తే నేను పెన్ను తీస్తాను.

ఆ సోమవారం వచ్చిన కుటుంబం మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీలో పని చేసేవాళ్ళు. తండ్రి వీరాంజనేయులు రాళ్ళు మోసే ట్రాక్టర్ నడుపుతాడు. తల్లి కోటేశ్వరమ్మ అదే క్వారీలో రాళ్ళు పేరుస్తుంది. వాళ్ళతో నాయనమ్మ వచ్చింది. మధ్యలో పిల్ల, బక్కగా, చిన్నగా, నాయనమ్మ కొంగు వేలికి చుట్టుకుని నిలబడింది. ఆధార్ కార్డు ప్రకారం పేరు శ్రావణి, వయసు తొమ్మిది నిండింది, చదువు నాలుగో తరగతి.

అంతకుముందు ఎక్కడో శిబిరంలో ఒకసారి పరీక్ష చేయించారట. ఆ కాగితం తెచ్చారు. మోడరేట్ అని రాసి ఉంది. మైల్డ్, మోడరేట్, సివియర్, ప్రొఫౌండ్ అని మాకు మెట్లుంటాయి. మైల్డ్ అంటే నిదానంగానైనా చదువు, పని నేర్చుకుని చాలావరకు తన కాళ్ళ మీద తను నిలబడగలిగే పిల్ల. మోడరేట్ అంటే పెద్దయినా పక్కన ఒకరు ఉండాల్సిన పిల్ల. ఇలాంటి పిల్లల్ని ఉంచుకుని చూసుకునే హాస్టల్ ఒకటి దూరంగా ఏదో జిల్లాలో ఉందని ఎవరో బంధువు చెప్పాడట. మోడరేట్ అని ఖాయం చేసి సర్టిఫికెట్ ఇస్తే అక్కడ చేర్చుకుంటారట.

"అదే కావాల మేడం," అన్నాడు వీరాంజనేయులు. "ఆడ చేర్పిస్తే నాకు నిమ్మళం."

"ఇంటి దగ్గర ఉంటే ఏమైంది?"

"ఇద్దరం పనికి పోతాం. మాయమ్మకి కళ్ళు ఆనవు. మా రేకుల షెడ్డు వెనకమాలే పాత క్వారీ గుంట. వానొస్తే నిండుగా నీళ్ళు. దీనికి భయమనేది తెలవదు. చెప్పినా బుర్రకెక్కదు. ఎవురు చూత్తారు?"

కోటేశ్వరమ్మ పిల్ల జడకు కట్టిన రిబ్బను విప్పి మళ్ళీ కట్టింది. కట్టాక మళ్ళీ విప్పింది. బిడ్డను పంపడం ఆమెకు ఇష్టం లేదని తెలుసుకోవడానికి నా చదువేమీ అక్కర్లేదు.

మొదట పుట్టుక సంగతులు అడుగుతాం. కాన్పు ఎలా జరిగింది, ఎప్పుడు ఏడ్చింది, ఎప్పుడు మెడ నిలిపింది, ఎప్పుడు నడిచింది. వీటిని మైల్‌స్టోన్స్ అంటాం. "ఎన్నో కాన్పమ్మా?" అని తల్లిని అడిగాను.

"తొలి కాన్పే," అంది నాయనమ్మ.

"నడక ఎప్పుడొచ్చింది?"

"ఏడాది లోపలే నడిచింది," అంది నాయనమ్మే. తల్లి మెల్లిగా, "కాదు. రెండేళ్ళు దాటినాక," అంది. నాయనమ్మ ఆమె వైపు ఒక చూపు చూసింది. ఇలాంటి తేడాలు నాకు కొత్త కాదు. అత్తకూ కోడలికీ పిల్ల నడక కూడా పోటీయే.

పిల్లని లోపలి గదిలో కూర్చోబెట్టి పరీక్ష మొదలుపెట్టాను. చెక్క పలకలో ఆకారాలు అమర్చడం, బొమ్మలు చూసి పేర్లు చెప్పడం, చెప్పిన మాట తిరిగి చెప్పడం. "శ్రావణీ" అని పిలిస్తే తల తిప్పడానికి చాలాసేపు పట్టేది. శిబిరం కాగితంలోనూ పేరు పెట్టి పిలిస్తే స్పందన ఆలస్యం అని రాశారు. అది మేం పట్టించుకోవాల్సిన లక్షణమే. ఆకారాలు అమర్చడంలో నాలుగేళ్ళ పిల్లకు వచ్చినంత వచ్చింది. మాటలూ అంతే. కానీ పని ఇష్టంగా చేసింది, తప్పితే నవ్వి మళ్ళీ మొదలుపెట్టింది. త్రికోణం సరిగ్గా కూర్చున్నప్పుడు నోరంతా తెరిచి నవ్వింది. అప్పుడు చూశాను. ముందు పళ్ళన్నీ పాలపళ్ళే. కింద ఒకటి మాత్రం కదులుతోంది, దాన్ని నాలుకతో అటూ ఇటూ తోస్తోంది.

తొమ్మిదేళ్ళ పిల్లకు ముందు పళ్ళు ఊడి కొత్తవి వచ్చేసి ఉండాలి. రాలేదంటే కారణం ఉండాలి. థైరాయిడ్ తక్కువగా ఉన్న పిల్లల్లో పళ్ళు ఆలస్యం, ఎత్తు తక్కువ, బుద్ధీ మందం. అదే అయితే మందుతో కొంతైనా మెరుగుపడుతుంది. ఆశగానే మా పిల్లల డాక్టరుగారికి చెప్పాను. ఆయన రక్త పరీక్షతో పాటు మణికట్టు ఎక్స్‌రే రాశారు. మణికట్టు ఎముకలు చూసి పిల్ల వయసు సుమారుగా చెప్పవచ్చు. రిపోర్టులు వచ్చాక రమ్మని పంపేశాను. సర్టిఫికెట్ ఇవ్వలేదని వీరాంజనేయులు ముఖం ముడుచుకున్నాడు. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి, ముడుచుకోక ఏం చేస్తాడు.

పది రోజుల తర్వాత మళ్ళీ వచ్చారు. థైరాయిడ్ బాగానే ఉంది. ఎముకలు మాత్రం ఆరేడేళ్ళ పిల్లవని చెబుతున్నాయి. డాక్టరుగారు తిండి తక్కువేమో అన్నారు. కావచ్చు. నాకు మాత్రం మనసు ఒప్పలేదు. కాగితాలు ముందు పెట్టుకుని ఆలోచిస్తున్నాను. ఇంతలో పిల్ల వరండాలో మెట్ల వైపు పరుగెత్తింది.

"ఒసేయ్ పెంటీ! ఇట్రాయే!" అని కేకేసింది నాయనమ్మ.

పిల్ల ఠక్కున ఆగి వెనక్కి తిరిగింది. క్షణం ఆలస్యం లేదు.

నేను సత్తెనపల్లి దగ్గర పల్లెలో పుట్టి పెరిగినదాన్ని. మా వీధిలోనే ఒక పెంటయ్య మామ, ఒక పెంటమ్మత్త ఉండేవాళ్ళు. పుట్టిన బిడ్డ దక్కకపోతే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పొరుగింటామె ఎవరో ఎత్తుకుంటుంది. తల్లి చేటెడు నూకలిచ్చి ఆమె దగ్గర కొనుక్కుంటుంది. పెంట మీద పారేసిన బిడ్డ కదా, చావు కూడా అక్కర్లేదని వదిలేస్తుందని నమ్మకం. అందుకే పెంటయ్య, పెంటమ్మ. తొలి కాన్పు బిడ్డకు ఈ పేరు పెట్టరు. పెట్టాల్సిన అవసరం ఉండదు.

పిల్లకి బరువు, ఎత్తు చూడాలని చెప్పి నాయనమ్మనూ తండ్రినీ నర్సుతో కింద గదికి పంపాను. తలుపు దగ్గరకేసి కోటేశ్వరమ్మకు ఎదురుగా కూర్చున్నాను.

"పెంటమ్మకి ముందు ఎవరమ్మా?"

ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి రానివ్వకుండా అలాగే కూర్చుంది. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"శ్రావణి," అంది. "అదే శ్రావణి. ఇది కాదు."

మెల్లిగా, తెగిపోయే మాటలతో చెప్పింది. తొలి బిడ్డ శ్రావణి. ఏడాది లోపలే నడిచింది, గలగలా మాట్లాడేది. ఏడాదిన్నరప్పుడు ఒక రోజు తల్లి రాళ్ళు పేరుస్తుంటే చెట్టు కింద గుడ్డ మీద ఆడుకుంటున్న పిల్ల లేచి వెళ్ళింది. షెడ్డు వెనక గుంటలో తేలింది.

"నేను నాలుగు రాళ్ళు ఎత్తిపెట్టి తిరిగి చూసినానమ్మా. అంతే. నాలుగు రాళ్ళే."

మళ్ళీ ఏడాదికి ఈ పిల్ల పుట్టింది. క్వారీ షెడ్డులోనే కాన్పు. తొమ్మిది నెలలు నిండకుండానే పుట్టింది, వెంటనే ఏడవలేదు. ఊళ్ళో పెంట మీద వేసి కొనుక్కున్నారు. పుట్టిన తేదీ ఎక్కడా నమోదు చేయించలేదు. శ్రావణి ఆధార్ కార్డు మాత్రం ఇంట్లో ఉంది. దాన్నే దీనికి పెట్టారు.

"బడిలో అడిగితే ఆ కార్డే ఇచ్చాం. కరోనా అప్పుడు. బళ్ళు మూతేసి ఉంటే పేరొక్కటే రాయించాం. ఎవరూ పిల్లని చూడలా." గ్లాసు కింద పెట్టింది. "పెద్దదాని ఊసు ఎత్తొద్దంది మా అత్త. ఎత్తితే ఇదీ దక్కదంట. మా ఆయన దాని పేరుతో దీన్ని పిలవడు. పిల్లా అంటాడు. రెండేళ్ళు దాటినాక నడిచింది ఇదమ్మా. మొన్న నేను చెప్పింది దీని సంగతి."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. కార్డు మీది వయసులో రెండున్నరేళ్ళు చచ్చిపోయిన అక్కవి. ఈ పిల్లకు ఇంకా ఆరున్నరే. మూడున్నరేళ్ళప్పుడు ఒకటో తరగతిలో పేరెక్కింది. ఎక్కాలు చెప్పమని నిలబెట్టినప్పుడు దానికి నిజంగా పలక పట్టుకునే వయసు కూడా సరిగ్గా రాలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియని కోపం.

"ఇది మీ ఆయన కూడా నాతో చెప్పాలమ్మా," అన్నాను. "వయసు మార్చి మళ్ళీ పరీక్ష చేస్తే రాసేదంతా మారుతుంది. నువ్వే చెప్పు, నేను పక్కనే ఉంటా."

"మా అత్త నన్ను బతకనియ్యదు."

"ముందు చెప్పి చూడు."

వాళ్ళు పైకి రాగానే చెప్పింది. వీరాంజనేయులు గోడకానుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ముసలావిడే, "ఏమే, నోరు జారావా!" అని చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే దించి నా బల్ల అంచు పట్టుకుంది.

"కార్డు తీసేయించి, అది పోయిందని రాయిత్తే..." అంది నాతో. "రాత్తే పోయినట్టే గదమ్మా. కార్డున్నంత కాలం ఆ పేరు ఇంట్లో ఉంది. మీకట్టా తెలవదు."

ఆమె మీద నేను అప్పటిదాకా పెంచుకున్న చిరాకంతా ఆ మాటతో పోయింది. మనవరాలి పేరు కాపాడుకోవడానికి ఇంకో మనవరాలి వయసు వాడేసిందని అప్పుడు ఆమెతో అనలేకపోయాను.

తర్వాతి వారం సరైన వయసుతో పరీక్షలన్నీ మళ్ళీ చేశాను. ఈసారి "పెంటమ్మా" అని పిలిచాను, పిలిచిన వెంటనే పలికింది. అడాప్టివ్ బిహేవియర్ కోసం తల్లిని ప్రశ్నలడిగాను. ప్రశ్నల కాగితంలో చెంచాతో తింటుందా అని ముద్రించి ఉన్నచోట, పప్పన్నం కలుపుకుని ఒలకకుండా తింటుందా అని అడుగుతాను. తింటుంది. లంగా తనే కట్టుకుంటుంది, నాడా ముడి మాత్రం రాదు. కొట్టుకెళ్ళి ఒక వస్తువు తెస్తుంది, రెండు చెబితే ఒకటి మరిచిపోతుంది. ట్రాక్టరొస్తే పక్కకి తప్పుకోదు.

ఫలితం చెప్పే రోజున కోటేశ్వరమ్మ తలంటి పోసుకుని, పిల్లకు కొత్త గౌను తొడిగి తీసుకొచ్చింది. ఆ గౌను చూడగానే ఆమె ఏం విందామని వచ్చిందో అర్థమైంది.

"మోడరేట్ కాదమ్మా," అన్నాను. "ఆ మాట తప్పు. ఆ హాస్టల్ దీనికి అక్కర్లేదు. కానీ మైల్డ్ అయితే ఉంది. వయసు దిద్దినా ఉంది. తోటి పిల్లల కంటే నిదానంగా నేర్చుకుంటుంది. ఎప్పటికీ కొంచెం నిదానమే."

ఆమె వింటూనే పిల్ల గౌను మడతలు సరిచేసింది.

"నిజం చెబితే నయమైపోద్దనుకున్నానమ్మా," అంది.

ఈ ఉద్యోగంలో నన్ను ఎంతోమంది తిట్టారు, ఒకాయన ఫైలు నా ముఖాన కొట్టాడు. అవేవీ ఈ మాటంత తగల్లేదు. ఎన్నేళ్ళుగానో పంటి కింద అదిమిపెట్టుకున్న మాటను బయటపెట్టింది, అత్తకు ఎదురు నిలిచింది, దానికి బదులుగా నేను ఆమె చేతిలో పెట్టింది ఇది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఓదార్పు మాటలు చెప్పలేదు. చెబితే అబద్ధమవుతుంది.

తర్వాత ఏం చెయ్యాలో చెప్పాను. కార్డు మార్పించాలి. తన పేరు, తన వయసు దానికి ఇవ్వాలి. ఒకటో తరగతిలో మళ్ళీ కూర్చోబెట్టాలి. మండలంలో స్పెషల్ టీచర్ ఉంటుంది, ఇలాంటి పిల్లలకు పాఠాన్ని చిన్న ముక్కలు చేసి నేర్పే టీచర్, ఆమెతో మాట్లాడతాను. వీరాంజనేయులు అన్నిటికీ తల ఊపాడు. చివరికి ఒకే మాట అడిగాడు.

"ఇంటికాడ ఎట్టా ఉంచుకునేది మేడం? ఆ గుంట అట్టానే ఉంది."

అప్పుడు గాని నాకు ఆ మనిషి అర్థం కాలేదు. బరువు దించుకుందామని హాస్టల్ వెతికినవాడు కాదు ఇతను. నీళ్ళకు దూరంగా ఎక్కడికైనా సరే బిడ్డను పంపేద్దామనుకున్నాడు. గుంటకు ఇవతల ఒక గీత గీసి, ఆ గీత దగ్గర ఆగడం నేర్పవచ్చు, రోజూ తీసుకెళ్ళి చూపించి ఆపితే కొన్ని నెలలకు వస్తుంది అన్నాను.

"కచ్చితంగా ఆగుద్దా?"

"కచ్చితంగా అని నేను చెప్పలేను."

నమస్కారం పెట్టి పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆరున్నరేళ్ళ పిల్లను భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే, ఈ పిల్లను పంపేస్తాడో ఉంచుకుంటాడో నాకు తెలియలేదు. ఆ నిర్ణయం చేసే హక్కూ నాకు లేదు.

మరుసటి ఏడాది మిరపకోతలు అయిపోయే రోజుల్లో రివ్యూకి వచ్చారు. ముగ్గురే, ముసలావిడ రాలేదు. కొత్త కార్డులో పిల్ల పేరు, తల్లి పేరు కూడా కలిపి, కోటేశ్వరి పెంటమ్మ. నాయనమ్మ పెట్టిన పేరు తీసెయ్యడానికి తల్లి ఒప్పుకోలేదట. ఒకటో తరగతిలో కూర్చుంటోంది. తన పేరులో మొదటి అక్షరం రాసి చూపించింది, పెద్దగా, కాగితం చిరిగేలా.

"హాస్టల్ సంగతి?" అని అడిగాను తండ్రిని.

అతను జేబులోంచి ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. షెడ్డు, దాని వెనక చదునుగా, తెల్లగా రాళ్ళ నేల. మధ్యలో పిల్ల నిలబడి ఉంది.

"గుంట పూడ్చేశా మేడం. యజమానిని బతిమాలుకున్నా. పగిలిన రాళ్ళు ఎటూ రోడ్డు పక్కనే పోయిస్తాడు గదా, అవి గుంటలో పోస్తానన్నా. పని దిగినాక రోజూ ఒక ట్రాక్టరు. మొన్ననే నేల సమానమయింది." ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "ఈ పని ముందే చెయ్యాల్సింది," అన్నాడు. కోటేశ్వరమ్మ ఆ ఫొటో వైపు చూడలేదు.

నా చదువులో ఒక మాట ఉంది. లోపం పిల్లలో ఎంతుందో కొలిచి ఆగిపోకూడదు, ఆ పిల్ల తిరిగే చోటు ఎలాంటిది, చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత ఆసరా ఇవ్వగలరు, అదీ చూసి రాయాలి అని. పరీక్షలకు బట్టీ పట్టి పాసైన మాటే. ఈ కేసు తర్వాత నేను కాన్పుల సంగతి తల్లిని ఒంటరిగా అడుగుతున్నాను. ఇంట్లో ఏమని పిలుస్తారో ముందే అడుగుతున్నాను. ఇంటి చుట్టూ ఏముందో కూడా అడుగుతున్నాను, బావి, కాలవ, రోడ్డు. అవి పిల్ల ఐక్యూలో కనపడవు.

మా రిపోర్టు చివర సపోర్ట్స్ అని ఒక గడి ఉంటుంది, పిల్లకు అందుతున్న ఆసరా రాయడానికి. మామూలుగా అందులో ఫిజియోథెరపీ అనో స్పెషల్ టీచర్ అనో రాస్తాం. ఆ రోజు నేను ఆ గడిలో, ఇంటి వెనక గుంటను తండ్రి పూడ్చాడు అని రాసి సంతకం పెట్టాను.